గళ్ళూ చారలూ

షట్టర్ ఎత్తి, కౌంటరు తుడిచి, కంప్యూటర్ మీట నొక్కి, అది మేలుకునేలోపు గోడ మీది దేవుడి పటానికి దణ్ణం పెట్టుకోవడం ఆమె అలవాటు. కళ్ళు తెరిచేసరికి తెర వెలిగి ఉండేది. ఆ రోజూ వెలిగింది. నిండా చారలే.

"మళ్ళీ మార్చేశాడు మహానుభావుడు," అంది పైకే.

వెనక గదిలో ఆవిరి ఇస్త్రీ యంత్రం వేడెక్కుతోంది. అక్కడ పనిచేసే ఇస్త్రీ వదిన తలుపులోంచి తల బయటపెట్టింది. "ఏమ్మా, ఇవాళ గళ్ళా, చారలా?"

"అడగాలా వదినా? రోజూ ఉండే బాగోతమేగా."

బట్టలు ఉతికి, మరకలు తీసి, ఇస్త్రీ చేసి ఇచ్చే పెద్ద లాండ్రీ అది. వచ్చిన ప్రతి బట్టకీ మెడ దగ్గర నంబరు ట్యాగు గుచ్చి, ఫోటో తీసి, కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఎక్కించిన జాబితాను రెండు రకాలుగా చూడొచ్చు. తెర పైమూల రెండు చిన్న గుర్తులుంటాయి. ఒకటి నొక్కితే బట్టల ఫోటోలు గడికొకటి చొప్పున తెరంతా పరుచుకుంటాయి. రెండోది నొక్కితే ఫోటోలన్నీ పోయి, ఒక్కో బట్టకి ఒక్కో వరస మిగులుతుంది. నంబరు, ఇచ్చినవారి పేరు, ఏ బట్ట, ఏ రంగు, ఎప్పటికి కావాలి. పొద్దస్తమానం చొక్కాల మధ్య బతికేవాళ్ళు గనక అక్కడివాళ్ళు మొదటిదాన్ని గళ్ళు అనీ, రెండోదాన్ని చారలు అనీ పిలుచుకునేవారు.

పొద్దుటి పూట కౌంటరు ఆమెది. అందుకని ఆమెను అందరూ పొద్దుటావిడ అనేవారు. మధ్యాహ్నం నుంచి మూసేదాకా బాబాయిది. ఆయన అక్కడ ఎవరికీ చుట్టం కాడు, అయినా అందరికీ బాబాయే. ఇద్దరికీ కంప్యూటర్ ఒకటే, దాన్ని తెరిచే పేరూ ఒకటే. రాత్రి ఎలా వదిలేస్తే పొద్దున్న అలాగే తెరుచుకునేది.

ఆమె గళ్ళ గుర్తు నొక్కింది. పాత కంప్యూటర్. ఫోటోలు ఒక్కొక్కటే ఒళ్ళు విరుచుకుంటూ వస్తున్నాయి. ఈలోగా ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"కోటు ఇచ్చానండి, బూడిద రంగుది. రశీదు ఎక్కడో పడిపోయింది."

"మోచేతి దగ్గర రఫూ చేసినట్టుంటుంది, అదేనా?"

"అదే, అదే. కాస్త తొందరగా... బస్సు వెళ్ళిపోతుంది."

ఆమెకు ఆ కోటు కళ్ళముందే ఉంది. తెర మీద మాత్రం సగం గళ్ళు ఇంకా ఖాళీ. ఆయన ఒకసారి వీధివైపు, ఒకసారి తెరవైపు చూస్తూ కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. చివరికి కోటు ఫోటో వచ్చింది, దాని మీద నొక్కితే నంబరు వచ్చింది, ఆమె కౌంటరు కింది కాలి మీట తొక్కి, బట్టలు వేలాడే హ్యాంగర్ల గొలుసు తిప్పి కోటు తీసి ఇచ్చింది. అప్పటికి బస్సు మలుపు తిరిగిపోయింది. ఆయన అటే ఒకసారి చూశాడు. కోటు చేతి మీద వేసుకుని నడిచిపోయాడు. అలా ఏమీ అనకుండా పోవడమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ ఇంకా సరిగ్గా జరుపుకోకముందే మౌసు పట్టుకుని చారల గుర్తు నొక్కాడు. గళ్ళన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

"బాబాయ్, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తే మీ సొమ్మేం పోయింది?" అంది ఆమె చేతిసంచీ సర్దుకుంటూ.

"నాదీ పోలేదు, నీదీ పోలేదు. నీకు పొద్దున్నో నొక్కు, నాకు మధ్యాహ్నమో నొక్కు. ఎవరి వేలూ అరిగిపోదు."

"మీ నొక్కుకి ఏమీ కాదు. నా నొక్కుకి ఆ బొమ్మలన్నీ ఊరేగింపుగా రావాలి. ఇవాళ ఒకాయనకి బస్సు పోయింది."

"అయ్యో," అన్నాడు బాబాయి. నిజంగానే అన్నాడు. కానీ చారలు చారలుగానే ఉంచాడు.

"పోయేటప్పుడైనా గళ్ళు పెట్టి పోవచ్చుగా."

"మూసే వేళకి మర్చిపోతానమ్మా. కోపగించుకోకు."

మర్నాడు ఆమె తెర అంచుకి చీటీ అతికించింది. 'దయచేసి మార్చవద్దు' అని. ఆ మర్నాడు పొద్దున చీటీ ఊడదీసి పక్కన గోడకి, వంకర లేకుండా నీట్‌గా అతికించి ఉంది. తెర మీద చారలు. ఇస్త్రీ వదిన అది చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఒక్క వంటింట్లో ఇద్దరు కోడళ్ళు పడ్డట్టుంది మీ సంగతి."

"నువ్వు నవ్వు వదినా. ముసలాయనకి మొండితనం, అంతే. నేను చెప్పాను గనక చెయ్యడు."

"అడిగావా ఎందుకలా అని?"

"అడిగేదేముంది? అలవాటు అంటాడు."

ఆ మాటతో ఆమె నేరుగా యజమాని గదికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు తప్పు చేస్తున్నానని అనిపించలేదు. చెయ్యవలసిన పని ఇన్నాళ్ళూ చెయ్యలేదనే అనిపించింది.

యజమాని శాంతంగా విన్నాడు. కౌంటరు మీది తెరను వచ్చినవాళ్ళు కూడా చూస్తారు గనక బొమ్మలుంటేనే కొట్టుకి అందమని ఆయనకీ ఎప్పట్నుంచో ఉంది. అల్లుడికి ఫోన్ చేశాడు. ఆ కంప్యూటర్ సంగతులన్నీ చూసేది అల్లుడే. కుర్రాడు వచ్చాడు, చెవిలో పాటలు వింటూనే ఏవో నొక్కాడు. తెర పైమూల రెండు గుర్తులూ పోయాయి. ఇక గళ్ళు తప్ప వేరే దారి లేదు.

"ఇప్పుడు ఎవరూ మార్చలేరక్కా," అన్నాడు పోతూ.

ఆమెకు సంతోషం కలిగింది. పైకి కనబడనివ్వలేదు గానీ, ఆ పూట చొక్కాలు మడత పెట్టే చేతుల్లో ఆ హుషారు తెలుస్తూనే ఉంది.

బాబాయి వచ్చి చేతులు కడుక్కున్నాడు, కూర్చున్నాడు, మౌసు పట్టుకుని బాణాన్ని పైమూలకి తీసుకెళ్ళాడు. అక్కడ ఏమీ లేదు. బాణం ఆ మూల కాసేపు అటూ ఇటూ తిరిగింది, చీకట్లో తలుపు గడియ కోసం తడుముకున్నట్టు. తర్వాత కిందకి దిగింది. ఆయన ఆమె వైపు చూడలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సార్ తీయించేశారు," అంది ఆమె. ఆ మాట తనకే కొంచెం వంకరగా వినబడింది.

"సరేనమ్మా," అన్నాడు.

గొడవ రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం బాబాయి ఒకావిడ కోటు కాగితంలో చుట్టి ఇంకొకావిడకి ఇచ్చేశాడు. రెండూ ఒకే కుట్టు, ఒకే పొడుగు. ఒకటి ముదురు ఎరుపు, ఒకటి ముదురు ఆకుపచ్చ. అసలు మనిషి మర్నాడు పొద్దున వచ్చి కౌంటరు ముందు నిలబడి పెద్దగొంతుతో అడిగింది, తన ఎర్ర కోటు ఏదని. పొద్దుటావిడే సర్దిచెప్పి, ఆకుపచ్చావిడకి కబురు చేసి, కోట్లు మార్పించింది. యజమాని గదిలోంచి అన్నీ చూస్తూనే ఉన్నాడు.

"ఎరుపుకీ పచ్చకీ తేడా తెలీకుండా ఎలా ఇస్తాడు?" అన్నాడు. "ముసలితనం. రేపటినుంచి ఆయన లోపల ఆవిరి దగ్గర ఉంటాడు. కౌంటరు రెండు పూటలా నువ్వు చూసుకో. దానికి తగ్గట్టు జీతం చూద్దాం."

ఆవిరి గదంటే ఎండాకాలం ఎప్పటికీ పోని గది. ఇస్త్రీ వదిన పైనుంచి కిందకి పలక లాగినప్పుడల్లా బుస్సుమని పొగ లేచి ముఖానికి కొడుతుంది. వదిన చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ కందిపోయే ఉంటాయి. బాబాయి వయసువాడికి అక్కడ నిలబడటమంటే, పొమ్మని చెప్పకుండా పొమ్మనడమే.

"గెలిచావుగా," అంది ఇస్త్రీ వదిన. ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అంది. అయినా ఆమె ముఖం తిప్పుకుని ట్యాగులు సర్దింది.

ఆ మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. లోపలికి మారాలన్న సంగతి యజమాని ఫోన్లోనే చెప్పేశాడట. "ఈ పూట కౌంటరు మీద ఉండి, రేపు లోపలికి పోతా," అన్నాడు, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు.

ఆమె పెద్ద దుప్పటి ఒకటి గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ చాచి మడతపెడుతోంది. చేతులు ఖాళీ లేవు.

"బాబాయ్, ఆ చివర ఎర్ర శాలువా ఇలా అందుకోండి. దీనితో కలిపి కట్టెయ్యాలి."

కౌంటరు చివర రెండు శాలువాలున్నాయి, ఒకే ఇంటివి, ఒకే నేత, ఒకే కుచ్చులు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఆయన చెయ్యి వెళ్ళి రెంటికీ మధ్య ఆగింది.

"నంబరెంతమ్మా?"

"నంబరెందుకు, ఎదురుగానే ఉందిగా. ఎర్రది."

ఆయన శాలువాల వైపు చూడటం లేదు. ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. ఒక శాలువా మీద చెయ్యి వేసి ఆమె ముఖం చూశాడు. మెల్లగా చెయ్యి రెండోదాని మీదికి జరిపి మళ్ళీ చూశాడు. ఆమె కనుబొమలు ఎక్కడ కదులుతాయో, ఆ బట్ట తియ్యాలని.

దుప్పటి ఆమె గడ్డం కింద నుంచి జారిపోయింది. వంగి తీసుకోలేదు.

"బాబాయ్," అంది. "మీకు... కనబడదా?"

ఆయన చెయ్యి దించుకున్నాడు. వెనక గది తలుపు మూసి ఉందో లేదో చూశాడు.

"కనబడకేం, కుచ్చులు ఎన్నున్నాయో కూడా చెప్తా. ఆ రెండు రంగులే ఒక్కటిగా ఉంటాయి నాకు. పుట్టినప్పట్నుంచీ. చిన్నప్పుడు మా అమ్మ పండిన టమాటాలు కోసుకు రమ్మంటే పచ్చివి కోసుకొచ్చేవాణ్ణి. కావాలని చేస్తున్నానని వీపు పగలగొట్టేది."

"మరి ఇన్నాళ్ళూ ఇక్కడ..."

"చారల్లో అన్నీ రాసుంటాయిగా. నంబరు, పక్కనే ఎరుపు, నీలం, ఏదైతే అది. బట్ట తీసుకునేటప్పుడు ఇచ్చినవాళ్ళనే రంగు అడిగి ఎక్కిస్తా. ఆ నంబరు చూసి ట్యాగు చూసి తీస్తా. రంగుతో నాకేం పని? బొమ్మలొచ్చాకే నా బతుకిలా అయింది. ఒక్కోటీ నొక్కి చూస్తే గానీ నంబరు కనబడదు. ఆ రోజు జనం ఎక్కువున్నారు, ఆవిడ రశీదు తేలేదు, కంగారులో బొమ్మ చూసి తీశాను."

"చెప్పొచ్చుగా బాబాయ్. నాకు ఒక్క మాట."

"ఏమని చెప్పను? బట్టల కొట్టులో రంగులు తెలీని మనిషినని చెప్పనా? విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. నవ్వినా ఫరవాలేదు. జాలిపడ్డవాళ్ళు మాత్రం మళ్ళీ పని చేతికివ్వరు." కిందపడ్డ దుప్పటి ఆయనే వంగి తీసి, దులిపి, ఒక కొస ఆమె చేతికిచ్చాడు. "నువ్వూ ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతా."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పటి మడతపెట్టారు. ఆ తర్వాత ఆమె పలికిన మాట ఒక్కటే, శాలువా నంబరు.

ఇంటికెళ్ళాక కూడా ఆ చెయ్యి రెండు శాలువాల మధ్య ఆగడమే కనబడుతోంది. దీపం ముట్టించి కూర్చుంది. దండకం నోటికి వస్తోంది గానీ మనసుకి రావడం లేదు. పైనున్నవాడు ఇంతమందినీ ఎలా చూసుకుంటున్నాడో అనుకుంది. ఒక్కొక్కరి ముఖం చూసి గుర్తుపడతాడా, వరసగా పేర్లు చదువుకుంటాడా? ఎలా చూసినా ఒకరికివ్వాల్సింది ఇంకొకరికివ్వడనేగా మన నమ్మకం. అదొక్కటీ నిలబడితే, చూసే పద్ధతి గురించి పంతమెందుకు?  ఆమెకు సిగ్గు వేసింది.

"ఏమైంది, కూరలో ఉప్పెక్కువేశావు?" అన్నాడు భర్త అన్నం దగ్గర.

"ఒకాయన పని పోతోంది నా మూలాన."

"నువ్వేం చేశావు?"

"నాకు వీలుగా ఉన్నదే అందరికీ వీలనుకున్నా."

భర్త ముద్ద కలిపాడు. "అయితే వెళ్ళి ఆ మాట చెప్పు. నీ పనికి ఎసరొస్తుందేమో, అదీ చూసుకో."

"చూసుకున్నా."

మర్నాడు షట్టర్ ఎత్తింది, కౌంటరు తుడిచింది, దణ్ణం పెట్టుకుంది. కంప్యూటర్ మాత్రం తెరవలేదు. యజమాని వచ్చేదాకా కౌంటరు ముందు, వచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడింది.

"సార్, ఆ చారలు మళ్ళీ పెట్టించండి."

యజమానికి అర్థం కాలేదు. "తీయించమని నువ్వేగా నా ప్రాణం తీశావు?"

"నేనే. నా నోటితోనే తీయించాను. నా నోటితోనే పెట్టించమంటున్నా."

"ఎందుకు?"

"కావాలి గనక."

"ఎవరికి?"

"కౌంటరుకి. చారలున్నన్నాళ్ళూ సాయంత్రం పూట ఒక్క బట్ట తప్పు పోయిందా? మీరే చెప్పండి. తప్పు జరిగింది అవి తీసేశాకే. బాబాయ్‌ని లోపలికి పంపడం న్యాయం కాదు."

"న్యాయం చెప్పే పని నీకెవరిచ్చారు? రెండు పూటలా కౌంటరు నీకిచ్చాను. ఇంకేం కావాలి?"

"ఆయన్ని తీసి నాకిచ్చే పూట నాకొద్దు. ఆయన లోపలికి వెళ్ళాలంటే నేనూ లోపలికే వెళ్తా. కౌంటరు మీరు చూసుకోండి."

గొంతు పెంచలేదు. చేతిసంచీ తీసుకుని ఆవిరి గదిలోకి వెళ్ళి, ఇస్త్రీ వదిన పక్కన నిలబడి, చేతులు పైకి మడుచుకుంది.

"పిచ్చా నీకు?" అంది వదిన.

"ముందు ఈ పలక ఎలా లాగాలో చూపించు."

వదిన చూపించింది. మొదటి బుసకే ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. రెండోదానికి తిప్పుకోలేదు. బయట కౌంటరు దగ్గర గొంతులు ఎక్కువవుతున్నాయి. యజమాని "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అనడం వినబడుతోంది. హ్యాంగర్ల గొలుసు ముందుకీ వెనక్కీ తిరుగుతోంది. మధ్యలో ఒకసారి తలుపు దగ్గరకొచ్చి, "చాల్లే, ఇక వస్తావా?" అన్నాడు.

"చారలొస్తే వస్తా సార్."

ఆయన తలుపు వేసేశాడు. తర్వాత అల్లుడికి ఫోన్ చేయడం వినబడింది.

బాబాయి వచ్చేసరికి ఆమె జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది. ఆయన ఆవిరి గది గుమ్మంలో నిలబడి, ఆమె ఉబ్బిపోయిన చేతులు చూశాడు. ముఖం మారిపోయింది.

"నిన్నెవరు చెయ్యమన్నారు ఇది?"

"ఎవరూ చెప్పలేదు."

"నా పేరు చెప్పుకుని నువ్వు ఉడుకుతావా? రేపు నా గురించి ఏమనుకుంటారు? ఆడపిల్లను అడ్డం పెట్టుకుని కుర్చీ కాపాడుకున్నాడంటారు."

"నేను ఏమీ చెప్పలేదు బాబాయ్. ఒట్టు."

"చెప్పలేదని తెలుసు." ఆయన చేతులు కడుక్కున్నాడు. వేళ్ళ సందులు తుడుచుకోలేదు. తడిచేతులతోనే కౌంటరు వైపు నడిచాడు. ఆమె పలక వదిలేసి వెనకే వెళ్ళింది, ఆమె వెనక వదిన.

అప్పటికి అల్లుడు కూడా వచ్చి కంప్యూటర్ ముందు వంగి ఉన్నాడు. కౌంటరుకి అవతల నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. బాబాయి వాళ్ళందరూ వినేలాగానే మాట్లాడాడు.

"సార్, నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదు. పుట్టుకతోనే. అందుకని నాకు బొమ్మలు పనికిరావు, రాతే కావాలి. ఇన్నాళ్ళూ దాచాను, ఇక దాచను."

ఎవరో చిన్నగా నవ్వబోయి ఆపుకున్నారు. యజమాని నోరు తెరిచి, వచ్చినవాళ్ళ వైపు చూసి, మూసుకున్నాడు.

అల్లుడు చెవిలోంచి పాటల తీగ తీశాడు. "దీనికేనా మావయ్యా ఇంత గొడవ? ఇద్దరికీ వేరువేరు పేర్లు పెడితే సరిపోతుంది. ఎవరి పేరుతో తెరిస్తే వాళ్ళ పద్ధతే వస్తుంది."

"అది ఇప్పుడు కొత్తగా వచ్చిందా?"

"మొదట్నుంచీ ఉంది."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా బాబూ," అంది పొద్దుటావిడ.

"తీసెయ్యమన్నారు, తీసేశానక్కా. ఎందుకని ఎవరూ చెప్పలేదు."

 ఆ 'ఎవరూ'లో ఆమె కూడా ఉంది. కుర్రాడు టకటకా నొక్కాడు. తెర ఒకసారి నల్లబడి వెలిగింది. చారలు వచ్చాయి.

యజమాని గొంతు తగ్గించి బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు. "అది సరే పెద్దాయనా. కానీ ఇప్పుడు తెలిశాక... ఇలాంటి కొట్టులో మీరు ముందు కూర్చుంటే బాగోదు. లోపల తేలిక పనేదైనా చూద్దాం. మీ మంచికే."

జాలి వచ్చేసింది. బాబాయి చెప్పినట్టే వచ్చింది. పొద్దుటావిడ కౌంటరు లోపలివైపుకి వెళ్ళి, బాబాయి కుర్చీ వెనక గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. ఇస్త్రీ వదిన ఏమీ అడక్కుండా వచ్చి ఆమె పక్కన నిలబడింది. లోపల ఆవిరి యంత్రం ఖాళీగా బుసలు కొడుతోంది.

"యంత్రం దగ్గర ఎవరూ లేరు," అన్నాడు యజమాని.

"లేరు సార్," అంది వదిన.

బాబాయి భుజం మీది చేతిని మర్యాదగా తీసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పంపాలనుకుంటే తర్వాత పంపండి సార్. వీళ్ళు ఎప్పట్నుంచో నిలబడి ఉన్నారు." కళ్ళజోడు పెట్టుకుని ముందున్నావిడ వైపు చూశాడు. "చెప్పండమ్మా."

"ఒక గౌను ఇచ్చానండి. ఆకుపచ్చది, చేతులకి..."

"రంగు నాకు తెలీదమ్మా," అన్నాడు బాబాయి, రోజూ చెప్పే మాటలాగా. "మీ నంబరు చెప్పండి."

ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని చూసింది. యజమాని ఆవిణ్ణి చూశాడు. ఆవిడ రశీదు కళ్ళకి దూరంగా పట్టుకుని నంబరు చదివింది. ఆయన వేలు తెర మీద వరస వెంట జారి ఆగింది. కాలి మీట తొక్కాడు, గొలుసు కదిలింది.

వెనకున్న మనిషి అప్పటికే తన రశీదు జేబులోంచి తీసి, నంబరు పైకి వచ్చేలా తిప్పి పట్టుకున్నాడు.